కిడ్నీ ఫైలులో కంటి కాగితం

కిడ్నీ మార్పిడి చేయించుకున్న మనిషిని భద్రాచలం బస్టాండులో గుర్తుపట్టడం కష్టం కాదు. మూతికి మాస్కు, చంకలో ప్లాస్టిక్ కవరు చుట్టిన లావుపాటి ఫైలు, పక్కన నీళ్ల సీసా పట్టుకున్న తల్లో భార్యో. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి హైదరాబాదు, మూడొందల కిలోమీటర్ల పైచిలుకు. ఆ ఫైలు తెరిస్తే అన్నీ అంకెలే: క్రియాటినిన్, పొటాషియం, హిమోగ్లోబిన్, షుగరు, బీపీ, రక్తంలో టాక్రోలిమస్ మందు ఎంతుందో చెప్పే ‘లెవెల్’. క్రియాటినిన్ 1.2 నుంచి 1.5కు పాకితే ఇంటిల్లిపాదికీ నిద్ర పట్టదు. ఇన్ని అంకెల నడుమ ఒక్కటి మాత్రం తరచుగా కనబడదు: కంట్లో ప్రెజరు. ఈ సమీక్ష ఆ లేని అంకె గురించి.

కంటి ప్రెజరు వేరు, ఒంటి బీపీ వేరు. చదువుకున్నవాళ్లు కూడా ఈ రెంటినీ కలిపేస్తుంటారు. బీపీ మాత్ర వేసుకుంటున్నాం కదా, కంటికీ అదే పనిచేస్తుందిలే అనుకుంటారు. కంటి ముందుభాగంలో నిమిషానికి రెండు, రెండున్నర మైక్రోలీటర్ల చొప్పున ఒక తేటనీరు ఊరుతుంటుంది. కన్నీటికీ దీనికీ సంబంధం లేదు. ఊరిన నీరు కార్నియాకూ ఐరిస్‌కూ మధ్య మూలన ఉన్న జల్లెడలాంటి కణజాలం గుండా వడిసి రక్తంలో కలిసిపోతుంది. ఊరేదీ పోయేదీ సమంగా ఉన్నంతకాలం ప్రెజరు 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య నడుస్తుంది.

భద్రాచలం వాళ్లకు ఈ లెక్క విడమరచి చెప్పనక్కర్లేదు. ఏటా వానాకాలంలో ఊరంతా మాట్లాడేది ఇలాంటి అంకెలే. గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 అడుగులు దాటింది. వరదల్లో ఊళ్లోకి నీళ్లు రెండు దారుల్లో వస్తాయని అక్కడివాళ్లు చెబుతారు. కరకట్ట పొర్లి వచ్చేది ఒకటి. నది పెరిగిందని కరకట్ట తూములు మూసేస్తే, ఊళ్లో కురిసిన వాన బయటికి పోయే దారి లేక రామాలయం చుట్టూ నిలిచిపోయేది రెండోది; మోటార్లు పెట్టి తోడాల్సింది దాన్నే. మార్పిడి మనిషి రోజూ మింగే స్టెరాయిడ్ కంటికి చేసే పని ఈ రెండో రకం. నీరు ఎక్కువగా ఊరదు, తూము బిగుసుకుపోతుంది. జల్లెడ కణాల చుట్టూ ప్రొటీన్ల మేట పడుతుంది, కణాల లోపలి తంతువులు గట్టిపడతాయి, చెత్తను మింగి శుభ్రం చేసుకునే గుణం తగ్గుతుంది. నీరు పోదు. ప్రెజరు మెల్లగా ఎక్కుతుంది.

ఎక్కిన ప్రెజరు నొక్కేది వెనకనున్న కంటి నరాన్ని. ఆ నరంలో పది పన్నెండు లక్షల సన్నని పోగులుంటాయి. ఒక్కొక్కటే చచ్చిపోతుంటే మనిషికి తెలియదు. నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా పోయాక గానీ చూపు పరిధిని కొలిచే యంత్రానికే ఆ నష్టం చిక్కదు. మధ్య చూపు చివరిదాకా నిలబడుతుంది కాబట్టి గోడ మీది అక్షరాలు చదివించే పరీక్షలో మనిషి చక్కగా పాసవుతాడు. పక్కనుంచి వచ్చే సైకిలు మాత్రం కనబడదు. చాప కింద నీరు అనే మాటను ఏ జబ్బుకు పడితే ఆ జబ్బుకు వాడేస్తుంటాం. ఈ జబ్బుకది అక్షరాలా సరిపోతుంది. దీన్ని మన పెద్దలు నీటికాసులు అన్నారు, డాక్టర్లు గ్లాకోమా అంటారు. నీటికాసుల వల్ల పోయిన చూపు తిరిగి రాదు. శుక్లంలాగా తీసి అద్దం పెట్టి సరిచేసే పని కాదది.

ఇక స్టెరాయిడ్ కథ. 1948లో అమెరికాలో ఫిలిప్ హెంచ్ బృందం కీళ్లవాతంతో మంచానపడ్డ రోగికి కార్టిజోన్ ఇచ్చి లేపి నడిపించింది. 1950లో ఆయనకు నోబెల్ వచ్చింది. అదే 1950లో, ఈ కోవ మందులు ఒంటికి పడ్డ రోగిలో కంటి ప్రెజరు పెరిగిందని మెక్లీన్ అనే కంటి వైద్యుడు చెప్పాడు. 1954లో బెల్జియం వైద్యుడు ఫ్రాంస్వా, కంట్లో కార్టిజోన్ చుక్కలు ఎక్కువకాలం వేసుకున్నవాళ్లకు గ్లాకోమా వచ్చిందని రాశాడు. అంటే ఈ విషయం కొత్తగా బయటపడ్డది కాదు, డెబ్భయ్యేళ్ల పాతది. అదే 1954 డిసెంబరులో బోస్టన్‌లో జోసెఫ్ మర్రే మొదటిసారి కిడ్నీ మార్పిడిని విజయవంతంగా చేశాడు. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఏకరూప కవలలు కాబట్టి ఒంటి కాపలాను అణచే మందు అవసరమే పడలేదు. కవల లేని మిగతా లోకానికి ఆ సదుపాయం ఎక్కడిది? అజాతియోప్రిన్, దానికి తోడు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 1960ల్లో మార్పిడికి పునాది అయ్యాయి. 1971లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో మన దేశంలో మార్పిడి విజయవంతమయ్యే నాటికి స్టెరాయిడ్ లేని మార్పిడి ఊహకే అందేది కాదు. తర్వాత సైక్లోస్పోరిన్ వచ్చింది, టాక్రోలిమస్ వచ్చింది, మైకోఫెనొలేట్ వచ్చింది. స్టెరాయిడ్ మోతాదు తగ్గింది. ఆ చిన్న తెల్లమాత్ర మాత్రం చాలామంది డబ్బాలో ఇంకా ఉంది.

స్టెరాయిడ్ పడ్డ ప్రతి కన్నూ బిగుసుకుపోదు. ఎవరిది బిగుస్తుందన్నదే ఈ విషయానికి గుండెకాయ. 1960ల్లో అమెరికాలో బెకర్, అర్మాలీ వేరువేరుగా ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు నాలుగైదు వారాలపాటు స్టెరాయిడ్ చుక్కలు వేసి చూశారు. మూడింట రెండొంతుల మందిలో పెద్ద మార్పు లేదు. సుమారు మూడో వంతు మందిలో ప్రెజరు ఓ మోస్తరుగా, ఆరు నుంచి పదిహేను మిల్లీమీటర్ల దాకా పెరిగింది. నూటికి ఐదారుగురిలో పదిహేను దాటి పెరిగి ప్రమాదం అంచుకు చేరింది. ముందే నీటికాసులు ఉన్నవాళ్లలో దాదాపు అందరి కళ్లూ స్పందించాయి. వాళ్ల పిల్లలు, తోబుట్టువులకూ ముప్పు ఎక్కువే. షుగరు రోగులు, బాగా మైనస్ అద్దాలున్నవాళ్లు, కీళ్లవాతం ఉన్నవాళ్లు, చిన్నపిల్లలు, ముసలివాళ్లు కూడా ఆ వరుసలోనే వస్తారు.

ఇదంతా ఒకే ఒక్క జన్యువు పని అని అప్పట్లో గట్టిగా నమ్మారు. ఏకరూప కవలలకు ఒకేలా స్పందన రావాలి కదా అని 1970ల మొదట్లో కవలలకు చుక్కలు వేసి చూస్తే లెక్క తప్పింది. కిడ్నీ విషయంలో అచ్చుగుద్దినట్టు సరిపోయిన కవలలు కంటి విషయంలో సరిపోలేదు! 1997లో మయోసిలిన్ అనే జన్యువు దొరికింది. స్టెరాయిడ్ తగిలితే జల్లెడ కణాల్లో ఎక్కువయ్యే ప్రొటీను తాలూకు జన్యువే అది. అయినా చిక్కుముడి పూర్తిగా వీడలేదు. కాబట్టి రక్తపరీక్ష చేసి ‘నీ కన్ను బిగుస్తుంది, నీది బిగవదు’ అని ముందే చెప్పే మార్గం ఈరోజుకీ లేదు. ఉన్న మార్గం ఒక్కటే, కొలవడం.

మార్పిడి రోగి కన్ను ఎంత స్టెరాయిడ్ చూస్తుందో ఒకసారి లెక్కేద్దాం. ఆపరేషన్ రోజుల్లో మిథైల్‌ప్రెడ్నిసొలోన్ నరంలోకి, సాధారణంగా వందల మిల్లీగ్రాముల్లో. తర్వాత రోజుకు 20 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ మాత్ర, వారాలూ నెలల మీద దించుకుంటూ ఐదు మిల్లీగ్రాముల దగ్గర నిలుపుతారు. మధ్యలో రిజెక్షన్ లక్షణం, అంటే ఒళ్లు కొత్త కిడ్నీని తిరస్కరిస్తున్న గుర్తు, కనబడితే మళ్లీ మూడు రోజులు నరంలోకి పెద్ద మోతాదు. కంటికి పడే దెబ్బ కూడా ఈ మెట్ల ప్రకారమే పడుతుంది. చుక్కల రూపంలో అయితే వారాల్లో ప్రెజరు ఎక్కుతుంది. మింగే మాత్రతో నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది, ఎక్కే ఎత్తు కూడా తక్కువే. అందుకే ఆపరేషన్ అయిన ఆర్నెల్లకు ఒకసారి చూపించుకుని ‘కళ్లు బాగున్నాయట’ అని జన్మకంతా సరిపెట్టుకోవడం కుదరదు. మూడో ఏట రిజెక్షన్ వస్తే లెక్క మళ్లీ మొదటికే.

ఇంతకీ ఇది ఎంతమందికి వస్తుంది? ఇక్కడ అధ్యయనాలు ఒక్క మాట మీద లేవు. కొన్నింట్లో మార్పిడి వాళ్ల ప్రెజరుకూ మామూలు వాళ్ల ప్రెజరుకూ సగటున తేడా చెప్పుకోదగ్గంత లేదు, కొన్నింట్లో ఉంది. మోతాదులు వేరు, కాలాలు వేరు, 21 దాటితేనే లెక్కా, నరం దెబ్బతింటేనే లెక్కా అన్న నిర్వచనాలు వేరు. స్థూలంగా తేలేది ఏమిటంటే, మార్పిడి తర్వాత కంట్లో ఎక్కువగా కనబడేది శుక్లం, అందులోనూ కటకం వెనక పొర మీద ఏర్పడే రకం. ప్రెజరు పెరగడం దానికన్నా తక్కువమందిలో. సగటు చూసి నిశ్చింతగా ఉండటం ఇక్కడే మోసం చేస్తుందని నా అభిప్రాయం. వందమంది సగటు రెండు మిల్లీమీటర్లు కూడా కదలకపోవచ్చు, ఆ వందలో ఐదుగురు మాత్రం చడీచప్పుడు లేకుండా మునిగిపోతుండవచ్చు. గోదావరి జిల్లాల సగటు వానపాతం చూసి భద్రాచలానికి వరద హెచ్చరిక ఇవ్వం కదా.

ఇంకో పక్కన, అంకె ఎక్కినంత మాత్రాన జబ్బు వచ్చినట్టూ కాదు. ప్రెజరు ఎక్కువుండి నరం ఇంకా బాగున్నవాళ్ల మీద అమెరికాలో జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2002లో వచ్చాయి. చుక్కలు వేయని వాళ్లలో ఐదేళ్లకు నూటికి తొమ్మిదిన్నర మందికి గ్లాకోమా మొదలైంది, వేసినవాళ్లలో నాలుగున్నర లోపే. వాళ్లు స్టెరాయిడ్ వాడేవాళ్లు కారు, అందుకని ఆ లెక్కను యథాతథంగా మనవాళ్లకు అంటించలేం. కానీ 24 అని రాగానే గుండె జారిపోనక్కర్లేదనీ, 24ను చూసి వదిలేయకూడదనీ ఆ రెండంకెలూ కలిసి చెబుతాయి. కార్నియా మందంగా ఉంటే అంకె ఎక్కువ చూపిస్తుంది, పలచగా ఉంటే తక్కువ. పొద్దున ఒకటుంటుంది, సాయంత్రం ఒకటి. ఒక్కసారి కొలిచి తీర్పు చెప్పే డాక్టరును నేనైతే నమ్మను.

ఇక మన గడ్డ సంగతి. ఖమ్మం నుంచి భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల దాకా, అటు గుండాల అడవిలోకి వెళితే, జ్వరానికైనా నడుంనొప్పికైనా జనం మొదట చూసే మొహం ఆర్ఎంపీది. ఆయన్ని తిట్టడం తేలిక. అర్ధరాత్రి పిలిస్తే బండి మీద గూడేనికి వచ్చేది ఆయనే. కానీ ఆయన సంచిలో ఉండే ఒక జోడీ గురించి చెప్పుకోక తప్పదు: డైక్లో, డెక్సా. డైక్లోఫెనాక్ నొప్పి మందు, డెక్సామెథజోన్ స్టెరాయిడ్. రెండూ కలిపి సూదేస్తే సాయంత్రానికి మనిషి లేచి పొలానికి పోతాడు. మొదటిది పదేపదే పడితే కిడ్నీకి చేటు, రెండోది పదేపదే పడితే కంటికి చేటు. కిడ్నీ పోయి, మార్పిడి జరిగి, ఊరికి తిరిగొచ్చిన మనిషికి మళ్లీ ఒళ్లునొప్పులొస్తే అదే సంచి, అదే జోడీ. ఈసారి పోయేది అప్పు చేసి తెచ్చుకున్న కిడ్నీ. దాని వెనకే కళ్లు.

ఆర్ఎంపీ సంచి తర్వాత ఇక్కడి రెండో ముప్పు మిరప. ఖమ్మం మార్కెట్ తేజ మిర్చికి పేరుపడ్డది, గోదావరి ఒడ్డున దుమ్ముగూడెం, చర్ల పక్క మిరప తోటలకు ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు గుంపులుగా కోతకొస్తారు. కోసేటప్పుడు, కల్లంలో ఎండబెట్టేటప్పుడు, బస్తాలకెత్తేటప్పుడు కళ్లు మండని రోజుండదు. మండితే మందుల షాపు. ‘కళ్లు ఎర్రబడ్డయి, చుక్కలియ్యి’ అంటే చేతికొచ్చేది చాలాసార్లు యాంటీబయాటిక్‌లో డెక్సామెథజోన్ కలిపిన సీసా. పేరు చివర ‘డి’ అనే అక్షరం ఉంటే తరచుగా ఆ డెక్సాకే గుర్తు. స్టెరాయిడ్ చుక్కలు చీటీ లేకుండా అమ్మకూడదని చట్టం ఉంది. అయినా అది త్వరగా ఎరుపు తీసేస్తుంది కాబట్టి మళ్లీ మళ్లీ అదే కావాలంటారు. 2023 జులై, ఆగస్టుల్లో తెలంగాణ అంతా కళ్లకలక వ్యాపించినప్పుడు మందుల షాపుల ముందు ఇదే తంతు. కళ్లకలకలో చాలాభాగం వైరస్‌ది, వారం పదిరోజుల్లో దానంతటదే పోయేది. స్టెరాయిడ్‌తో పనే లేదు.

మామూలు మనిషికే ప్రమాదమైన ఆ సీసా, మార్పిడి మనిషికి రెండింతల ప్రమాదం. లోపల మాత్ర రూపంలో స్టెరాయిడ్ నడుస్తూనే ఉంది, పైనుంచి కంట్లో చుక్క. రెంటిలో ప్రెజరును వేగంగా ఎక్కించేది ఆ చుక్కే. పైగా ఒంటి కాపలా అణగి ఉన్న మనిషి కంట్లో వరి ఆకు గీసుకుని బూజు పుండు పడితే, స్టెరాయిడ్ చుక్క ఆ పుండుకు ఎరువు వేసినట్టే. గూడేల్లో కంట్లో ఆకు పసరు పిండే అలవాటుకూ ఇదే మాట.

ఒక దెబ్బ మాత్రం ఆసుపత్రిలోనే, మంచి ఉద్దేశంతోనే తగలొచ్చు. మార్పిడి అయిన కొన్నేళ్లకు శుక్లం వస్తుంది. ఎండలోకి పోతే మసక, నీడలో కాస్త మేలు, దగ్గరివి చదవలేకపోవడం. వెనక పొర శుక్లం తీరు అది. ఆపరేషన్ చేసి అద్దం పెడతారు. తర్వాత నాలుగైదు వారాలు స్టెరాయిడ్ చుక్కలు వేయమంటారు, అది అందరికీ చేసేదే. ఆ కన్ను బిగిసే జాతిదైతే, చూపు వచ్చిందన్న సంబరంలో ఉండగానే ప్రెజరు ఎక్కుతుంది. ‘నాకు కిడ్నీ మార్చారు, రోజూ ప్రెడ్నిసొలోన్ వేసుకుంటా’ అని కంటి డాక్టరుకు ముందే చెబితే వాళ్లు చుక్కల రకం మార్చగలరు, త్వరగా తగ్గించగలరు, రెండు వారాలకే పిలిచి కొలవగలరు. చెప్పకపోతే వాళ్లకు మాత్రం ఎలా తెలుస్తుంది? చొక్కా కింద కుట్టు వాళ్లకు కనబడదు.

చెప్పడం ఇంకో కారణానికి మరింత ముఖ్యం. కంటి ప్రెజరు దించే మందుల్లో కొన్ని కిడ్నీకి పడవు. ప్రెజరు బాగా ఎక్కినప్పుడు కంటి ఆసుపత్రిలో మొదట గుర్తొచ్చేది ఎసిటజోలమైడ్, జనం నోట్లో డయామాక్స్. అది కిడ్నీ ద్వారానే బయటికి పోవాలి. కిడ్నీ సరిగా పనిచేయకపోతే ఒంట్లో పేరుకుని మత్తు, తికమక తెస్తుంది, రక్తంలో ఆమ్లం పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది. సైక్లోస్పోరిన్ వాడుతున్నవారిలో ఆ మందు లెవెల్ పెరిగిపోయిన సందర్భాలూ వైద్య సాహిత్యంలో ఉన్నాయి. లెవెల్ పెరిగితే దెబ్బ కిడ్నీకే. నరంలోకి ఎక్కించే మానిటాల్ సంగతీ అంతే. మూత్రం సరిగా పోని మనిషిలో ఆ నీరంతా రక్తనాళాల్లోనే ఉండిపోయి ఊపిరితిత్తులకు చేరుతుంది. డోర్జొలమైడ్ చుక్కలు కూడా కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లను వాడమనరు. ఇవేవీ మార్పిడి మనిషికి శాశ్వత నిషేధాలు కావు. కొత్త కిడ్నీ ఎంత బాగా పనిచేస్తోందో చూసి, నెఫ్రాలజిస్టుతో మాట్లాడి ఇవ్వాల్సిన మందులు. ఆ ఒక్క ఫోను చేయడమే గగనమవుతోంది.

మరి పడేవి ఏవి? చౌకలో దొరికే టిమొలోల్ ఉంది. ఆస్తమా ఉన్నా, గుండె మెల్లగా కొట్టుకుంటున్నా ప్రమాదం. బీపీ కోసం మెటోప్రొలోల్ లాంటి మాత్ర ముందే వేసుకుంటున్నవాళ్లకు రెండూ ఒకే జాతివి కాబట్టి నాడి మరీ పడిపోవచ్చు. చుక్క కంట్లో పడ్డాక ముక్కులోకి దిగి అక్కణ్నుంచి రక్తంలో కలుస్తుంది. చుక్క వేసి, కన్ను మూసి, ముక్కు పక్క మూలను వేలితో రెండు నిమిషాలు అదిమిపట్టుకుంటే ఆ దిగడం చాలామటుకు ఆగుతుంది. డబ్బు ఖర్చు లేని ఈ చిట్కా ఎంతమందికి చేసి చూపిస్తారో మరి.

లాటనోప్రొస్ట్ జాతి చుక్కలు కిడ్నీ జోలికి పోవు, రాత్రికి ఒక్క చుక్క చాలు, ఎక్కువమందికి మొదట రాసేది వీటినే. కళ్లు కాస్త ఎర్రబడతాయి, రెప్పవెంట్రుకలు పొడుగవుతాయి. ఇక్కడ చిక్కు వేరే. పాతకాలపు లాటనోప్రొస్ట్ సీసా తెరవకముందు ఫ్రిజ్‌లో ఉండాలి, తెరిచాక 25 డిగ్రీల లోపు ఆరు వారాలు. కొత్తగూడెం, భద్రాచలం మే నెలలో 45 డిగ్రీలు దాటుతాయి. ఫ్రిజ్ లేని గూడెంలో, రేకుల కప్పు కింద, ఆ సీసాలోని మందు మందుగా ఎన్నాళ్లుంటుంది? ప్రెజరు దిగలేదని డాక్టరు రెండో మందు రాస్తాడు. తప్పు మొదటి మందుది కాదు, ఎండది. ఫ్రిజ్ అవసరం లేని తయారీలూ అదే జాతిలో వేరే మందులూ ఇప్పుడు దొరుకుతున్నాయి. ఇంట్లో ఫ్రిజ్ ఉందా అని ఒక్క ప్రశ్న అడిగితే చీటీ మారుతుంది.

చుక్కలతో దిగకపోతే లేజరు, అదీ చాలకపోతే నీటికి కొత్త తూము తీసే ఆపరేషన్, ట్రాబెక్యులెక్టమీ. ఒంటి కాపలా అణగి ఉన్న మనిషికి ఆ తూము మీద ఏర్పడే బుడగకు చీము పట్టే భయం మిగతావాళ్లకన్నా ఎక్కువ, అందుకని దాని తర్వాత కన్ను ఎర్రబడితే ఆ రోజే బస్సెక్కాలి.

అసలు స్టెరాయిడే మానేస్తే పోదా? మామూలుగా స్టెరాయిడ్ ప్రెజరుకు మొదటి వైద్యం అదే. మందు ఆపితే ఎక్కువమందిలో వారాల్లో ప్రెజరు దిగివస్తుంది. ఏళ్ల తరబడి వాడినవాళ్లలో కొందరికి మాత్రం దిగదు. మార్పిడి మనిషి విషయంలో ఈ మాట అనేముందు నాలుక కరుచుకోవాలి. ఆపరేషన్ అయిన వారంలోనే స్టెరాయిడ్ ఆపే పద్ధతిని, ఐదు మిల్లీగ్రాములు కొనసాగించే పద్ధతిని పక్కపక్కన పెట్టి ఐదేళ్లు చూసిన అమెరికా పరీక్ష ఫలితాలు 2008లో వచ్చాయి. కిడ్నీ నిలబడటంలో, మనిషి బతకడంలో పెద్ద తేడా లేదు, కానీ ఆపినవాళ్లలో రిజెక్షన్‌లు ఎక్కువ. ఎవరికి ఆపొచ్చు, ఎవరికి ఆపకూడదు అన్నది కిడ్నీ డాక్టరు మాత్రమే తేల్చాలి, అదీ మెల్లగా. కంటి డాక్టరు ‘స్టెరాయిడ్ వల్లే’ అన్న మాట విని ఇంటికొచ్చి మాత్ర తీసి పారేస్తే కిడ్నీ పోతుంది, పైగా ఏళ్లపాటు స్టెరాయిడ్ తిన్న ఒళ్లు ఒక్కసారి ఆపితే కుప్పకూలుతుంది కూడా. ఆ మాట అనే డాక్టరు ‘కానీ మీరు ఆపొద్దు’ అని అదే ఊపిరిలో అనాలి. చూపు మసకబారిన ప్రతి మార్పిడి మనిషిదీ ప్రెజరు సమస్యే కాదు కూడా. షుగరు ఎక్కి రెటీనా చెడి ఉండొచ్చు, సైటోమెగలో వైరస్ పట్టి ఉండొచ్చు, స్టెరాయిడ్ వల్లనే రెటీనా కింద నీరు చేరి ఉండొచ్చు. ఇంట్లో కూర్చుని తేల్చుకునే పని కాదు.

వ్యవస్థ దగ్గరికి వద్దాం. తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద మార్పిడి జరుగుతుంది, తర్వాత వాడే మందులూ అందులోనే వస్తాయి. చనిపోయినవారి అవయవాలు జీవన్‌దాన్ పథకం ద్వారా అందుతాయి, దాని కార్యాలయం హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలోనే. నిమ్స్ పంజాగుట్టలో ఉంది. సర్కారు కంటి ఆసుపత్రి సరోజినీదేవి మెహదీపట్నంలో ఉంది. ఎల్.వి.ప్రసాద్ కంటి సంస్థ బంజారాహిల్స్‌లో. రాత్రంతా బస్సులో వచ్చిన మనిషి పొద్దున్నే రక్తమిచ్చి, మధ్యాహ్నం డాక్టరును చూసి, మందులు తీసుకుని మళ్లీ రాత్రి బస్సు పట్టుకోవాలి. ఆ ఒక్క పగటిలో కంటి ఆసుపత్రి కూడా ఇమడాలంటే ఎవరో ఒకరు చీటీ రాసిచ్చి పంపాలి. కిడ్నీ డాక్టరు కన్ను తన పని కాదనుకుంటాడు, కంటి డాక్టరు దగ్గరికి మనిషే పోడు.

కొలవడానికి హైదరాబాదే పోనక్కర్లేదు. భద్రాచలం నుంచి గోదావరి వంతెన దాటితే గంట లోపు ప్రయాణంలో, పాల్వంచలో ఎల్.వి.ప్రసాద్ సంస్థకు చెందిన నవభారత్ కంటి కేంద్రం ఉంది. కొత్తగూడెంలో 2022 నుంచి, ఖమ్మంలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుస్తున్నాయి. కంటి ప్రెజరు కొలిచే సాధనం అరుదైనదేమీ కాదు. గోల్డ్‌మన్ టోనోమీటరు 1950ల నాటిది. ఇప్పుడు చేతిలో ఇమిడే, మత్తు చుక్క అక్కర్లేని పరికరాలూ వచ్చాయి.

ఇక్కడొక విచిత్రం. రాష్ట్రమంతా ఊరూరా కళ్లు పరీక్షించిన ‘కంటి వెలుగు’ రెండో విడత మొదలైంది ఖమ్మంలోనే, 2023 జనవరి 18న. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్‌తోపాటు కేరళ, ఢిల్లీ, పంజాబ్ ముఖ్యమంత్రులు కూడా వచ్చారు. వంద పనిదినాల్లో కోటిన్నర మందిని చూడాలని లక్ష్యం. లక్షల ముసలికళ్లకు దగ్గరచూపు అద్దాలు అందాయి, అది చిన్నపని కాదు, నేను తక్కువచేసి మాట్లాడను. కానీ అది ప్రధానంగా అక్షరాల పట్టిక, కళ్లద్దాల కార్యక్రమం. అక్షరాలు చదవగలిగే నీటికాసుల మనిషి ఆ శిబిరంలోంచి నవ్వుకుంటూ బయటికొస్తాడు. 1996 నుంచి 2000 వరకు ఎల్.వి.ప్రసాద్ సంస్థ ఉమ్మడి రాష్ట్రంలో పదివేల మందికి పైగా చేసిన కంటి జబ్బుల అధ్యయనంలో హైదరాబాదు నగరంలో తేలిందేమిటంటే, నీటికాసులున్న పదిమందిలో తొమ్మిదిమందికి పైగా అది తమకుందనే తెలియదు. మహానగరంలోనే అలా ఉంటే చర్ల అడవి సంగతి ఊహించుకోవచ్చు. ఆ అధ్యయనం జరిగిన చోట్లు హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్. ఖమ్మం అందులో లేదు.

కిడ్నీ జబ్బు ఈ ప్రాంతానికి కొత్త చుట్టం కూడా కాదు. కిడ్నీ జబ్బంటే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పేరు అందరికీ తెలుసు. ఖమ్మం సరిహద్దుకు దగ్గర్లోనే, ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు మండలం తండాల్లోనూ కిడ్నీలు పోతున్నాయి, నీటి మీద అనుమానం, కారణం మీద వాదన ఇంకా తెగలేదు. డయాలసిస్ మీదున్నవాళ్లు పెరిగేకొద్దీ మార్పిడికి పోయేవాళ్లూ పెరుగుతారు.

నేను చూసినంతలో చేయాల్సిందాన్లో ఎక్కువభాగం మార్పిడికి ముందే చేయొచ్చు. ఎవరి కిడ్నీ సరిపోతుందో చూడటానికి తల్లి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, భార్య అందరినీ ఒకేచోట వరుసలో కూర్చోబెట్టి రక్తాలు తీస్తారు. ‘మీ ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉన్నాయా, కంటికి రోజూ చుక్కలు వేసుకునేవాళ్లున్నారా?’ అని అడగడానికి అంతకన్నా మంచి రోజు మళ్లీ రాదు, రక్తసంబంధం మొత్తం అక్కడే ఉంది. ఆ రోజే ప్రెజరు ఒకసారి, నరం ఫొటో ఒకటి. ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలకు ఇంకోసారి, మూడు నెలలకు, ఆర్నెల్లకు, తర్వాత ఏడాదికోసారి. రిజెక్షన్‌కు నరంలోకి స్టెరాయిడ్ పడ్డ ప్రతిసారీ లెక్క మళ్లీ ఆరు వారాల నుంచి. ఈ గడువులు నావి, ఏ గ్రంథంలోనివీ కావు. బస్సు ఖర్చు భరించే మనిషిని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నా. ఇంట్లో ఎవరికైనా నీటికాసులుంటే ఇంకా దగ్గరదగ్గరగా చూడాలి. ఆ అంకె కంటి ఆసుపత్రి చీటీ మీద కాదు, కిడ్నీ ఫైలులో క్రియాటినిన్ పక్కన పడాలి.

మొదటి అంకె తీయడానికి అనువైన చోటు డయాలసిస్ వార్డే. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం సర్కారు ఆసుపత్రుల్లో ఆ యూనిట్లున్నాయి. వారానికి రెండు మూడుసార్లు, నాలుగేసి గంటలు, అదే మనుషులు అవే మంచాల మీద ఉంటారు. పారిపోయేవాళ్లెవరూ లేరు. చేతి టోనోమీటరు పట్టుకుని ఒక టెక్నీషియన్ ఒక చివర నుంచి రెండో చివరకు నడిస్తే సరిపోతుంది. ఒక్క జాగ్రత్త: కొలవాల్సింది డయాలసిస్ సూది గుచ్చక ముందు. డయాలసిస్ నడుస్తున్నప్పుడు రక్తంలో యూరియా గబగబా దిగుతుంది, కంట్లోది అంత తొందరగా దిగదు, నీరు కంట్లోకి లాగబడి కొందరిలో ప్రెజరు తాత్కాలికంగా ఎక్కుతుంది. అప్పుడు తీసిన అంకె ఫైలులో రాసుకుంటే, మార్పిడి తర్వాత దేనితో పోల్చాలో తెలియకుండా పోతుంది.